ఆర్మ్ 64 బోర్డుకు ఐడిల్ స్టేట్‌లు డివైస్ ట్రీలో రాయడం ఎలా?

పని లేనప్పుడు కోర్‌ను ఎంత లోతుగా నిద్రపుచ్చవచ్చో (ఈ నిద్ర స్థాయిలే ఐడిల్ స్టేట్‌లు) లినక్స్ కెర్నల్‌కు దానంతటదే తెలియదు. ఆర్మ్ బోర్డుల్లో ఎక్కువగా ఆ సంగతి మనమే డివైస్ ట్రీలో, అంటే బోర్డు హార్డ్‌వేర్‌ను కెర్నల్‌కు వివరించే ఫైల్‌లో, రాసివ్వాలి. రాసిన అంకెలు నిజమో కాదో కెర్నల్ కొలిచి చూసుకోదు, నమ్మేస్తుంది. కాబట్టి ఇందులో సింటాక్స్ చిన్న పని, కొలత పెద్ద పని. ప్రాపర్టీల పేర్లు ఇక్కడ తెలుగు లిపిలో ఉన్నా, ఫైల్‌లో ఇంగ్లిష్ చిన్న అక్షరాలతోనే రాయాలి.

ముందు ఫర్మ్‌వేర్ (కెర్నల్ కన్నా ముందే బోర్డులో నడిచే సాఫ్ట్‌వేర్) సంగతి తేల్చుకోండి. సీపీయూ నోడ్‌లో ఎనేబుల్-మెథడ్ విలువ పీఎస్‌సీఐ (కోర్‌ల పవర్ కోసం కెర్నల్ ఫర్మ్‌వేర్‌ను అడిగే ప్రామాణిక పద్ధతి) అని ఉండాలి. పీఎస్‌సీఐ నోడ్‌లో మెథడ్ ఎస్ఎంసీ గానీ హెచ్‌వీసీ గానీ (ఆ కాల్ చేసే ఇన్‌స్ట్రక్షన్లు) అయి ఉండాలి. ఫర్మ్‌వేర్‌లో సీపీయూ సస్పెండ్ కాల్ లేకపోతే ఇక మీద రాసేదంతా వృథా.

సీపీయూస్ నోడ్ లోపల ఐడిల్-స్టేట్స్ నోడ్ పెట్టి, దాని ఎంట్రీ-మెథడ్‌కు పీఎస్‌సీఐ అని ఇవ్వండి. ఒక్కో స్టేట్‌కు ఒక్కో నోడ్. దాని పేరు సీపీయూ- అనో క్లస్టర్- అనో మొదలవ్వాలి, కంపాటిబుల్ విలువ ఆర్మ్,ఐడిల్-స్టేట్. డబ్ల్యూఎఫ్ఐని (వెయిట్ ఫర్ ఇంటరప్ట్, అన్నిటికన్నా తేలిక నిద్ర) మాత్రం రాయకండి. అది ప్రతి ఆర్మ్ కోర్‌లోనూ ఉంటుంది కాబట్టి డ్రైవరే దాన్ని స్టేట్0గా పెట్టుకుంటుంది. చివరగా ప్రతి సీపీయూ నోడ్‌లోనూ సీపీయూ-ఐడిల్-స్టేట్స్ కింద ఈ నోడ్‌ల ఫ్యాండిల్స్‌ను (నోడ్‌ను సూచించే గుర్తులను) తేలిక నిద్ర నుంచి గాఢ నిద్ర వరకు వరసగా ఇవ్వండి.

ఎక్కువమంది తడబడేది ఆర్మ్,పీఎస్‌సీఐ-సస్పెండ్-పారమ్ దగ్గర. ఇది 32 బిట్ల విలువ. పాత ఫార్మాట్‌లో 0 నుంచి 15 వరకు బిట్లు స్టేట్ ఐడీ, 16వ బిట్ పవర్‌డౌన్‌కు గుర్తు, 24, 25 బిట్లు పవర్ లెవెల్. అంటే ఒక్క కోర్ పవర్ తీసేయడానికి హెక్స్‌లో 0010000, క్లస్టర్‌తో (కోర్‌ల గుంపుతో) సహా తీసేయడానికి 1010000 (ఫర్మ్‌వేర్ స్టేట్ ఐడీని సున్నాగా ఉంచితేనే). ఎక్స్‌టెండెడ్ ఫార్మాట్‌లో పవర్‌డౌన్ బిట్ 30వ స్థానానికి వెళ్తుంది. మీ ఫర్మ్‌వేర్ ఏ ఫార్మాట్ వాడుతుందో దాని సోర్స్‌లో చూసి రాయండి, పక్క బోర్డు ఫైల్ నుంచి ఎత్తి పెట్టకండి. ఇంకొకటి, హెక్స్ అంకె ముందు సున్నా-ఎక్స్ మరిచిపోయి 0010000 అని రాస్తే డీటీసీ (డివైస్ ట్రీ కంపైలర్) దాన్ని ఆక్టల్‌గా చదివి 4096 చేస్తుంది. కంపైల్ మాత్రం చక్కగా అవుతుంది!

ఇక అంకెలు. అన్నీ మైక్రోసెకండ్లలోనే. ఎంట్రీ-లేటెన్సీ-యూఎస్ (నిద్రలోకి వెళ్లే సమయం), ఎగ్జిట్-లేటెన్సీ-యూఎస్ (లేచే సమయం) లకు సగటు పనికిరాదు, అతి చెడ్డ కేసు కావాలి. కోర్‌ను అతి తక్కువ ఫ్రీక్వెన్సీలో పెట్టి, క్యాష్‌ను డర్టీ డేటాతో (ఇంకా మెమరీకి రాయని డేటాతో) నింపి కొలవండి. పవర్ తీసే ముందు ఆ డేటానంతా మెమరీకి తోయాలి, ఎంట్రీ సమయంలో చాలా భాగం అక్కడే పోతుంది. వేకప్-లేటెన్సీ-యూఎస్ ఇవ్వకపోతే కెర్నల్ ఎంట్రీ, ఎగ్జిట్ రెండూ కూడి వాడుకుంటుంది. ఈ విలువను అసలు కన్నా తక్కువ రాస్తే, లేటెన్సీ పరిమితి కోరిన ఆడియో లాంటి పనుల మధ్యలో కూడా గాఢ నిద్ర ఎంచుకుని శబ్దం తెగిపోయేలా చేస్తుంది.

మిన్-రెసిడెన్సీ-యూఎస్‌ను (లాభం రావాలంటే ఆ స్టేట్‌లో కనీసం ఉండాల్సిన సమయాన్ని) లేటెన్సీకి రెండింతలో మూడింతలో అని వేసేయడం కనిపిస్తుంటుంది. అది అంచనా కూడా కాదు. నిద్రలోకి వెళ్లి రావడానికి అయిన అదనపు శక్తిని, దీనికన్నా తేలికైన పై స్టేట్‌కూ ఈ స్టేట్‌కూ ఉన్న పవర్ తేడాతో భాగించాలి. ఉదాహరణకు వెళ్లి రావడానికి అదనంగా 60 మైక్రోజౌల్‌లు, పై స్టేట్‌లో 100 మిల్లీవాట్లు, ఇందులో 20 అనుకుంటే తేడా 80 మిల్లీవాట్లు, 60ని 0.08 వాట్లతో భాగిస్తే 750 మైక్రోసెకండ్లు. అంతకన్నా తక్కువ సేపు నిద్రపోతే నష్టమే.

కోర్‌తో పాటు దాని టైమర్ కూడా ఆగిపోయే స్టేట్‌లో లోకల్-టైమర్-స్టాప్ తప్పనిసరి. అది లేకపోతే తనను లేపాల్సిన టైమర్ నిద్రలో చచ్చిపోయిందని కెర్నల్‌కు తెలియదు. కోర్ లేవదు, కాసేపటికి ఆర్‌సీయూ స్టాల్ మెసేజ్‌లు (కోర్ స్పందించడం లేదన్న కెర్నల్ హెచ్చరికలు) మొదలవుతాయి. పెట్టాక కూడా, అన్ని కోర్‌లూ ఒకేసారి అలా నిద్రపోవాలంటే, లేపడానికి ఎప్పుడూ ఆన్‌లో ఉండే మరో టైమర్ బోర్డులో ఉండాలి.

బూట్ చేశాక సిస్‌ఎఫ్‌ఎస్‌లో (కెర్నల్ తన సమాచారాన్ని ఫైల్‌లుగా చూపే చోట) సీపీయూఐడిల్ కింద కరెంట్_డ్రైవర్ ఫైల్ చూడండి, పీఎస్‌సీఐ_ఐడిల్ అని రావాలి. రాకపోతే ముందు కెర్నల్ కాన్ఫిగ్, తర్వాత బూట్ లాగ్ చూడండి. స్టేట్1 ఫోల్డర్‌లో లేటెన్సీ, రెసిడెన్సీ మీరు రాసినవేనా అన్నది సరిచూసి, బోర్డును కాసేపు మామూలు పనిలో ఉంచండి. రిజెక్టెడ్ లెక్క పెరుగుతుంటే చాలాసార్లు ఫర్మ్‌వేర్ మీ సస్పెండ్ పారామీటర్‌ను ఒప్పుకోవడం లేదన్నమాట. యూసేజ్‌తో (ఆ స్టేట్‌ను వాడిన సార్లతో) పోలిస్తే అబవ్ లెక్క (అనుకున్నదానికన్నా ముందే లేచిన సార్లు) బాగా ఎక్కువైతే రెసిడెన్సీ మరీ తక్కువగా రాశారేమోనని అనుమానించండి. బిలో (ఇంకా గాఢంగా నిద్రపోగలిగిన సార్లు) పెరిగితే కింది గాఢ స్టేట్ రెసిడెన్సీని మరీ ఎక్కువ చేసి ఉండవచ్చు. హ్యాంగ్ అయితే డివైస్ ట్రీ మార్చే ముందు ఆ స్టేట్ డిసేబుల్ ఫైల్‌లోకి 1 రాసి చూడండి. ప్రతి కోర్‌కూ విడిగా రాయాలి. అప్పుడు ఆగిపోవడం మానితే తప్పు ఆ స్టేట్‌లోనే ఉంది.