పాత క్షవరం కత్తి ఎవరి చేతిలో తిరిగిందో ఎలా తెలుసుకోవాలి?

విజయనగరం, శ్రీకాకుళం వైపు పాత సామాన్ల కొట్లలోనూ, అటక మీది ట్రంకు పెట్టెల్లోనూ మడత క్షవరం కత్తులు ఇప్పటికీ దొరుకుతాయి. దొరికినవాళ్లు ముందు దాన్ని తళతళలాడేలా తోమేస్తారు. తర్వాత మీదున్న ఇంగ్లీషు పేరు చూసి ‘ఎవరో దొరగారిదట’ అని ప్రచారం చేస్తారు. రెండూ తప్పే. మొదటిది మరీ పెద్ద తప్పు, ఎందుకంటే దాన్ని దిద్దుకోలేం.

కావలసినవి: టార్చి, భూతద్దం, మెత్తటి నూలు గుడ్డ, కుట్టుమిషన్ నూనె, పల్చటి కాగితం, మెత్తని పెన్సిలు, ఫోన్. వంటనూనె ఏదీ వాడొద్దు, జిడ్డు కట్టి గీతల్లో పేరుకుపోతుంది.

1. తయారీ ముద్ర చదవండి

కత్తిని అలుగు (కోసే ఇనుప భాగం) వీపు వైపు పట్టుకుని తెరవండి. తుప్పు పట్టినా చెయ్యి తెగుతుంది. అలుగుకీ పిడికీ మధ్యనున్న మెడ మీద కొట్టిన ముద్ర ఉంటుంది. జోసెఫ్ రాడ్జర్స్, వేడ్ అండ్ బుచర్ అని ఉంటే అవి ఇంగ్లండులోని షెఫీల్డ్ కంపెనీల పేర్లు, సొంతదారు పేర్లు కావు. జోలింగెన్ అని ఉంటే జర్మనీ సరుకు. కిరీటంతో ‘వి ఆర్’ అక్షరాలుంటే విక్టోరియా రాణి కాలం, అంటే 1837 నుంచి 1901 లోపు. ‘డబ్ల్యూ ఆర్’ అయితే నాలుగో విలియం కాలం, 1830 నుంచి 1837 వరకు. ఇది తయారైన కాలం మాత్రమే. మన ఊరికి ఎప్పుడొచ్చిందో, ఎన్ని చేతులు మారిందో ముద్ర చెప్పదు.

2. చేతి గీతలు చదవండి

అసలు పని ఇక్కడే ఉంది. తొందరపడేవాళ్లు ఇక్కడే చెడగొడతారు.

సొంతదారు గుర్తు కంపెనీ ముద్రంత లోతుగా ఉండదు. సూదితోనో మేకు మొనతోనో పిడి మీద, మెడ పక్కన, ఒక్కోసారి పిడి లోపలి వైపు గీసుకున్నది. ఒక అక్షరం కావచ్చు, మూడు అడ్డగీతలు కావచ్చు, నామం గుర్తు కావచ్చు. ఒకే ఇంట్లో అన్నదమ్ముల కత్తులు కలిసిపోకుండా పెట్టుకున్న గుర్తులివి. గరుకు కాగితంతో నాలుగుసార్లు రుద్దితే చాలు, శాశ్వతంగా పోతాయి. చింతపండు, నిమ్మరసం, ఇటుక పొడి, టూత్‌పేస్టు ఏదీ తాకించొద్దు. పులుపు ఇనుమును తినేస్తుంది, పొడి గీతను అరగదీస్తుంది. యూట్యూబులో కత్తిని అద్దంలా చేసి చూపించే వీడియోలు చూస్తే నాకు కడుపు మండిపోతుంది. అక్కడ పోతున్నది మురికి కాదు, ఒక మనిషి గుర్తు.

గుడ్డకి ఒక్క చుక్క నూనె అద్ది, మెడ మీద మెల్లగా అద్దండి, రుద్దొద్దు. ఒక రాత్రి వదిలేయండి. మర్నాడు గది చీకటి చేసి, టార్చిని పక్క నుంచి, దాదాపు కత్తికి ఆనేంత వాలుగా పట్టుకోండి. ఎదురుగా వేసిన వెలుగులో కనబడని గీత పక్క వెలుగులో నీడ పడి తేలుతుంది. టార్చిని నాలుగు వైపుల నుంచీ మార్చి మార్చి ఫోటోలు తీయండి. తర్వాత మీద పల్చటి కాగితం పరిచి పెన్సిలు సీసాన్ని వాలుగా ఆడిస్తే గీత కాగితం మీదికి దిగుతుంది. సాన పట్టిన గీతలు ఒకే దిక్కున వరసగా పోతాయి. చేత్తో గీసిన గుర్తు ఎక్కడో ఆగుతుంది, తిరుగుతుంది. ఆ తేడా పట్టుబడేదాకా ‘అక్షరం దొరికింది’ అని ఎవరితోనూ అనొద్దు.

అరుగుదలా చూడండి. ఏళ్ల తరబడి సాన పట్టిన అలుగు సన్నబడి, వీపు చదునుగా అరుగుతుంది. అది క్షవర వృత్తిలో తిరిగిన కత్తి అయి ఉండొచ్చు. అలుగు వెడల్పు తగ్గకుండా ఉంటే ఏ గుమాస్తాగారో ఇంట్లో గడ్డం గీసుకున్నదై ఉండే అవకాశం ఎక్కువ. పిడి మేకు మార్చి ఇత్తడిది వేసి ఉంటే దాన్నీ రాసుకోండి.

3. ఊళ్లో అడగండి

వృత్తి కత్తి అయితే అది దొరికిన ఊరికి వెళ్లండి. కత్తి చూపించి ‘ఇది మీ తాతదేనా?’ అని అడగకూడదు. మర్యాదకొద్దీ అవునంటారు. రచ్చబండ దగ్గర పెద్దాయన్ని ‘తాతా, మీ చిన్నప్పుడు ఈ ఊళ్లో పెళ్లికి సన్నాయి ఎవరు వాయించేవారు?’ అని అడగండి. మన వైపు సన్నాయి మేళం, క్షవరం చాలా ఊళ్లలో ఒకే కుటుంబానివి. పెళ్లి మేళం ఎవరికైనా గుర్తుంటుంది, గడ్డం గీసినాయన గుర్తుండడు. ఆ నాయీ బ్రాహ్మణ కుటుంబం ఇంటికి వెళ్లాక, వాళ్లు తమ పొది (క్షవరం సామాన్ల సంచి) గురించి చెప్పేంత వరకు కత్తి బయటికి తీయొద్దు. ‘పెద్దనాన్నా, మీ ఇంట్లో కత్తులకి ఏమైనా గుర్తు పెట్టుకునేవారా?’ అని అడిగి, వాళ్లు గీసి చూపించిన దాన్ని మీ పెన్సిలు కాగితంతో పోల్చండి. రంగం (బర్మాలోని రంగూన్), ఖరగ్‌పూర్ వెళ్లొచ్చిన పెద్దలెవరైనా ఉన్నారా అనీ అడగండి. కత్తి అటు నుంచి వచ్చి ఉండొచ్చు.

4. కాగితాలు

ఊరి వృత్తులవారికి ఇనాం భూములు, అంటే చేసే పనికి బదులుగా ఇచ్చిన భూములు, ఉండేవి. మద్రాసు ప్రెసిడెన్సీలో 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లు, జమీందారీ ఊళ్లయితే 1948 ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి సెటిల్‌మెంటు రికార్డులు వెతకండి. ఒక్క జాగ్రత్త: శ్రీకాకుళం, టెక్కలి ప్రాంతాలు 1936 దాకా గంజాం జిల్లాలో ఉండేవి. శ్రీకాకుళం జిల్లా 1950లో, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడ్డాయి. ఇప్పటి జిల్లా పేరుతో పాత రికార్డు అడిగితే లేదనే అంటారు.

5. రాసి పెట్టండి

కత్తి మీద కనబడినది, మనుషులు చెప్పినది, కాగితంలో ఉన్నది మూడు వేరు వేరు పేజీల్లో రాయండి. కలిపి రాస్తే ఏడాది తర్వాత ఏది ఎక్కడిదో మీకే తెలియదు. ఆ కాగితాన్ని కత్తికి చుట్టి మాత్రం పెట్టొద్దు. మన సముద్రపు గాలికి కాగితం తేమ పీల్చి అలుగు మీద తుప్పు ఎక్కిస్తుంది. కత్తిని నూనె అద్దిన నూలు గుడ్డలో, కాగితాలను వేరే కవరులో పెట్టండి.