అంబాసిడర్‌కి లోపలికి దిగిన హెడ్‌లైట్లు: బల్బు మార్చాలంటే బాడీ కోయక్కర్లేకుండా

హెడ్‌లైట్‌ని మడ్‌గార్డులోకి దింపి, చుట్టూ అతుకు కనపడకుండా నున్నగా చేయడాన్ని అమెరికాలో ఫ్రెంచింగ్ అంటారు, 1949-51 మెర్క్యురీ కార్ల మీద బాగా కనిపించే పని ఇది. మన అంబాసిడర్‌కి కూడా చాలా అందంగా ఉంటుంది, ఎందుకంటే దాని గుండ్రటి 7 అంగుళాల లైటు చుట్టూ రేకు మొదటి నుంచీ ఉబ్బుగానే ఉంటుంది. కానీ చాలామంది చేసే తప్పు ఒకటుంది. నా మొదటి కారుకి ఒక షెడ్డులో రింగుని వెల్డింగ్ చేసి పుట్టీ పెట్టి రంగు కొట్టేశారు, చూడటానికి అద్భుతం, మూడు నెలలకి బల్బు పోయింది, లైటు బయటికి రాదు! రంగు వేసిన రేకుని గ్రైండర్‌తో కోయిస్తుంటే ఎంత బాధేసిందో చెప్పలేను. అందుకే ఇక్కడ అన్నిటికంటే ముందు లైటు బయటికి వచ్చే దారి గురించే చెబుతాను.

ముందుగా, మంచి ఒరిజినల్ మడ్‌గార్డులు కోయకండి. అంబాసిడర్ తయారీ 2014లోనే ఆగిపోయింది, మంచి రేకు రోజురోజుకీ తగ్గిపోతోంది. కాస్త తుప్పు పట్టిన పాత జత కొని దాని మీద పని చేయండి, ఒరిజినల్‌వి గుడ్డ చుట్టి దాచండి.

లైటు కూర్చునే గొట్టం 1 మిల్లీమీటరు రేకుతో చేయించాలి. ఆటోనగర్‌లో షీటు రోల్ చేసేవాళ్లు ఎవరైనా చేసిస్తారు. దాని లోపలి వెడల్పు గాజుని బట్టి కాదు, డోము (గాజు, రిఫ్లెక్టరు కలిసిన లైటు) వెనక దాన్ని పట్టుకునే డబ్బా అంచు ఉంటుందే, ఆ అంచుని బట్టి తీసుకోండి, దానికి చుట్టూ కనీసం 5 మిల్లీమీటర్ల ఖాళీ వదలండి. డబ్బా మొత్తం ముందు వైపుకే రావాలి కాబట్టి ఇది తప్పదు. గొట్టం వెనక అంచుని లోపలికి మడిచి, ఆ మడత వెనక నాలుగు ఎం6 (6 మిల్లీమీటర్ల బోల్టు పట్టే) నట్లు వెల్డ్ చేయించండి. అప్పుడు డబ్బాని రబ్బరు గ్యాస్కెట్‌తో సహా ముందు నుంచే బోల్టులతో బిగించొచ్చు, చక్రం విప్పి మడ్‌గార్డు కింద దూరాల్సిన పని ఉండదు. లైటుని పట్టుకునే రింగు స్క్రూలకీ, బీము సర్దే రెండు స్క్రూలకీ పొడవాటి స్క్రూడ్రైవర్ తిన్నగా వెళ్లాలి. పాత క్రోమ్ రింగు వద్దు, దాన్ని ఊడదీయాలంటే పక్క నుంచి ఎత్తాలి, గొట్టంలో అంత చోటు దొరకదు. దాని బదులు మూడు చిన్న స్క్రూలతో ముందు నుంచి బిగించే పల్చటి స్టీలు రింగు పెట్టండి, ఖాళీ కూడా కప్పేస్తుంది.

లోతు విషయంలో ఆశకి పోకండి. గొట్టం అంచు నుంచి గాజు అంచు వరకు 25-30 మిల్లీమీటర్లు చాలు, అంతకంటే లోపలికి వెళితే పక్కలకి పడే వెలుగు కట్ అయిపోతుంది, మన ఊరి రోడ్ల మీద గేదె పక్క నుంచే కదా వస్తుంది. గొట్టం అడుగుని ముందుకి కొంచెం వాలుగా పెట్టండి, నీళ్లు నిలవవు. డబ్బా అడుగున కూడా ఒక చిన్న రంధ్రం ఉండాలి.

వెల్డింగ్‌కి ముందు బ్యాటరీ తీగలు విప్పేయండి. ఒకవైపు అట్ట కోసి కొలత తీసుకుని, అదే అట్ట తిరగేసి రెండోవైపు గుర్తు పెట్టండి, లేకపోతే కారు మెల్లకన్నుతో చూస్తున్నట్టుంటుంది. మిగ్ వెల్డింగ్‌తో (తీగ దానంతటదే వచ్చే గ్యాస్ వెల్డింగ్ మెషీన్) ఒక చుక్క ఇక్కడ, ఒక చుక్క ఎదురుగా, చెయ్యి పెట్టగలిగేంత చల్లారాకే తర్వాతది. తొందరపడితే రేకు ఒంకర్లు పోతుంది, దాన్ని దాచడానికి పుట్టీ మందంగా పెడతారు, గుంతల్లో అదురుకి ఆ అంచు దగ్గరే పగులుతుంది. పుట్టీ 2-3 మిల్లీమీటర్లు దాటనివ్వకండి. వెనక వైపు ప్రైమరు, సీలెంటు, అండర్‌కోటింగ్ తప్పనిసరి.

రంగు వేయకముందే ఒక పరీక్ష: చీకటి పడ్డాక సెల్‌ఫోన్ లైటు, ఒక స్క్రూడ్రైవర్, అంతే. బల్బు తీసి పెట్టడం పది నిమిషాల్లో అవ్వాలి. ఎక్కడ వేళ్లు ఇరుక్కున్నాయో అక్కడే మార్చండి, ఇప్పుడైతే తేలిక.

వైరింగ్‌లో లైటు పూర్తిగా బయటికి లాగేంత తీగ, ఒక జానెడు, అదనంగా వదలండి. ఎర్తుకి విడిగా నల్ల తీగ వేయండి, కొత్త రంగు మీద, గ్యాస్కెట్ మీద బాడీ ఎర్తు సరిగ్గా అందదు. 60/55 వాట్ల హెచ్4 బల్బులు రెండు హై బీములో దాదాపు 10 ఆంపియర్లు లాగుతాయి, పాత స్విచ్చుకి అది బరువే, హైకి ఒకటి డిమ్‌కి ఒకటి రిలేలు (పాత స్విచ్చు మీద బరువు పడకుండా కరెంటుని నేరుగా లైటుకి పంపే చిన్న స్విచ్చులు) పెట్టి ఫ్యూజులు వేస్తే టెన్షన్ ఉండదు. గాజు కొనేటప్పుడు ఎడమ వైపు నడిచే బళ్లకి చేసిందే తీసుకోండి, అమెరికా గాజు పెడితే ఎదురొచ్చేవాళ్ల కళ్లలో కొడుతుంది.

చివరగా సమతలంగా ఉన్న చోట, టైర్లలో గాలి సరిచూసి, గోడకి 5 మీటర్ల దూరంలో కారు ఆపండి. డిమ్ వెలుగు గీత లైటు మధ్య ఎత్తు కంటే 5 సెంటీమీటర్లు కింద పడాలి. వెనక ఇద్దరిని కూర్చోబెట్టి మళ్లీ చూడండి, అంబాసిడర్ కమాన్లు పాతవైతే వెనక దిగి ముక్కు లేస్తుంది, గీత ఎంత పైకి పోయిందో చూసి ఆ మేరకు ఇంకాస్త దించండి.