బ్రిటన్‌లో గ్యాస్ ఇంజినీరు వృత్తి – మూడవ పాఠం: పర్యవేక్షణలో పని అనుభవం

గత పాఠంతో తరగతి గదిలో నేర్చుకోవలసిన భాగం ముగిసింది. ఈ పాఠం పరుల ఇళ్ళలో, అర్హత ఉన్న ఇంజినీరు కళ్ళముందు చేయవలసిన పనికి సంబంధించినది. కోర్సు రుసుము కట్టేముందే ఈ అనుభవం ఎవరి వద్ద దొరుకుతుందో తేల్చుకోవాలి. తరగతులు చెప్పి, పని చూపించే ఇంజినీరును మీరే వెతుక్కోమనే శిక్షణ కేంద్రానికి డబ్బు కట్టవద్దని నా సలహా.

బ్రిటన్‌లో ఇళ్ళ గ్యాస్ పని 1998 నాటి గ్యాస్ భద్రతా నిబంధనల కిందికి వస్తుంది. ఆ పని చేసేవారి పేర్లు గ్యాస్ సేఫ్ రిజిస్టర్‌లో ఉండాలి. 2009 ఏప్రిల్ 1న ఇది అంతకుముందున్న నమోదు వ్యవస్థ కోర్గి స్థానంలో వచ్చింది. నేర్చుకునేవారి పేరు అందులో ఉండదు కనుక, వారి చేతి పనికి పూచీ పక్కనున్న ఇంజినీరుదే. అందువల్ల మొదటి రోజే ఆయన గ్యాస్ సేఫ్ గుర్తింపు కార్డు అడిగి, మర్యాదగానే, వెనుకవైపు తిప్పి చూడండి. ఆయనకు ఏయే పనుల్లో అర్హత ఉందో అక్కడ ఉంటుంది. కుక్కర్లకు మాత్రమే అర్హత ఉన్నవారి వద్ద నేర్చుకున్న బాయిలర్ పని మీ పోర్ట్‌ఫోలియోలో, అంటే చేసిన పనులకు సాక్ష్యంగా చూపే దస్త్రంలో, నిలవదు.

ఇక పనిలోకి వద్దాం. మీ చేతికి ముందుగా అలవడవలసినది లీక్ పరీక్ష. మీటరు పక్కనున్న అత్యవసర వాల్వ్ మూసి, మీటరు దగ్గరి పరీక్షా బిందువుకు గేజ్ తగిలించి, పీడనాన్ని 7 నుంచి 10 మిల్లీబార్ల మధ్యకు తెచ్చి ఒక నిమిషం ఆగాలి. సూచిక పెరిగితే, మూసిన వాల్వ్ నుంచి గ్యాస్ జారుతోందన్నమాట. అక్కడితో ఆపి ఇంజినీరుకు చెప్పాలి. పెరగకపోతే, వాల్వ్ నెమ్మదిగా తెరచి 20–21 మిల్లీబార్లకు పెంచి, మళ్ళీ మూసి, స్థిరపడటానికి ఒక నిమిషం, పరీక్షకు రెండు నిమిషాలు ఇవ్వాలి. కొత్తగా వేసిన పైపుల్లో తగ్గుదల కనిపించనే కూడదు. పాత ఇంట్లో పరికరాలన్నీ తగిలించి ఉండగా, యూ6 (ఇళ్ళలో సాధారణంగా ఉండే రకం) మీటరు, 28 మిల్లీమీటర్లకు మించని పైపు అయితే 4 మిల్లీబార్ల వరకు తగ్గుదల ఒప్పుకుంటారు; అయితే గ్యాస్ వాసన ఏమాత్రం రాకూడదు. నీటి గేజ్‌లో మట్టం వంపుగా ఉంటుంది కాబట్టి, కన్ను దాని ఎత్తుకు దించి వంపు అడుగు భాగాన్నే చదవాలి. నిలబడి పైనుంచి చూసి చెప్పే అంకెను నమ్మవద్దు.

మన ఇళ్ళలో సిలిండర్ గ్యాస్‌కు అలవాటుపడిన ముక్కు సహజంగా నేల దగ్గర వాసన వెతుకుతుంది. ఎల్పీజీ గాలికన్నా బరువైనది గనుక ఆ అలవాటు సరైనదే. బ్రిటన్ పైపుల్లో వచ్చే సహజ వాయువు గాలికన్నా తేలిక, పైకి పోతుంది. కప్పు వైపు, అల్మరాల పైభాగంలో కూడా చూడటం నేర్చుకోవాలి.

పోర్ట్‌ఫోలియోలో “బాయిలర్ సర్వీస్ చేశాను” అని రాస్తే పరీక్షకుడికి ఏమీ తెలియదు. పరికరం మోడల్, మీరు కొలిచిన పీడనం, పొగ గొట్టం పని తీరు, గాలి సరఫరా, భద్రతా పరికరాలు పనిచేసిన విధం అక్కడికక్కడే రాసి, ఆ రోజే ఇంజినీరు సంతకం తీసుకోండి. వారం తరువాత జ్ఞాపకం మీద నింపిన పేజీలన్నీ ఒకే అంకెలతో ఉంటాయి, చూసేవారికి అది వెంటనే తెలిసిపోతుంది.

గ్యాస్ వినియోగం కూడా మీరే లెక్కకట్టాలి. ఇతర పరికరాలు ఆపి, బాయిలర్‌ను పూర్తి మంటపై ఉంచి, మీటరును రెండు నిమిషాలు గమనిస్తే 0.080 ఘనపు మీటర్లు కదిలిందనుకుందాం. గంటకు అది 2.4. దానిని 38.76తో (ఒక ఘనపు మీటరు గ్యాస్ ఇచ్చే వేడి, మెగాజౌళ్ళలో) గుణించి 3.6తో (ఒక కిలోవాట్-గంటకు మెగాజౌళ్ళు) భాగిస్తే సుమారు 25.8 కిలోవాట్లు వస్తుంది. ఇది స్థూల విలువ, అంటే పొగలోని నీటి ఆవిరిలో ఉండే వేడిని కూడా కలిపినది; 1.11తో భాగిస్తే ఆ వేడిని వదిలేసిన నికర విలువ సుమారు 23.3. బాయిలర్‌పై వివరాలు ముద్రించిన పలకపై ఉన్నది ఏ విలువో చూడకుండా పోల్చితే, బాగున్న బాయిలర్‌ను చెడిపోయిందని రాసేస్తారు.

అభ్యాసం: అదే బాయిలర్ రెండు నిమిషాల్లో 0.066 ఘనపు మీటర్లు తీసుకుంటే స్థూల, నికర విలువలు రెండూ కట్టండి. పలకపై 23.3 నికరమని ఉంటే, తేడాకు కారణంగా మీటరు దగ్గర ముందుగా ఏ పీడనం కొలుస్తారో కూడా రాయండి. ఆ జవాబుతోనే నాలుగవ పాఠం మొదలవుతుంది.