ఎడారి గులాబీ పెంపకం – మూడో పాఠం: నీళ్లు పోయడం

మొదటి పాఠంలో విత్తనం మొలిపించాం, రెండో పాఠంలో మట్టి కలుపుకున్నాం. ఈసారి నీళ్ల సంగతి. ఈ పాఠాలన్నిటిలో ఒక్కటే చదివే ఓపిక ఉందంటే ఇదే చదవండి. అడీనియం, అంటే ఈ ఎడారి గులాబీ, చచ్చిపోయిందని ఎవరైనా చెబితే నేను పురుగు గురించి అడగను, ఎండ గురించి అడగను. కాండం మెత్తబడిందా అనే అడుగుతాను. చాలాసార్లు అవుననే జవాబు వస్తుంది.

"ఎడారి మొక్క కదా, నీళ్లు ఎంత తక్కువ పోస్తే అంత మంచిది" అంటారు. ఇందులో సగమే నిజం. ఈ మొక్క సొంత చోటు సహారాకి దక్షిణపు అంచున ఉన్న సహేల్ నుంచి తూర్పు ఆఫ్రికా మీదుగా అరేబియా ద్వీపకల్పం దాకా ఉంటుంది. యెమెన్, ఒమన్ కొండ వాలుల్లో రాళ్ల సందుల్లోకి వేళ్లు దించుకుని బతుకుతుంది. అక్కడ నెలల తరబడి చుక్క పడదు. పడ్డప్పుడు మాత్రం తెరిపి లేకుండా కొట్టి పోతుంది. దొరికిన నీటిని దొరికినట్టే పీల్చుకుని మొక్క తన ఉబ్బిన మొదలులో, అంటే కాండం అడుగు భాగంలో, దాచుకుంటుంది. మిగిలిన నీళ్లు రాళ్ల మధ్య నుంచి జారిపోతాయి, వేళ్ల చుట్టూ మళ్లీ గాలి ఆడుతుంది. కాబట్టి దానికి అలవాటు కొంచెం కొంచెం నీళ్లు కాదు. ఉంటే బోలెడు, లేకపోతే అసలు లేవు. కుండీలో మనం చేయాల్సిందీ అదే: పోస్తే నిండా పోయాలి, ఆపితే పూర్తిగా ఆరనివ్వాలి.

ఈ లెక్కన చెంచాతో కొలిచి రోజూ ఇంత పోసే పద్ధతి అన్నిటికంటే చెడ్డది. పైన రెండు వేళ్ల మందం మాత్రమే తడుస్తుంది. అడుగు వేళ్లు ఎండి రాలిపోతాయి. బతికినవి తడి కోసం పైకే పాకుతాయి, అక్కడేమో ఎండ తగిలి మాడతాయి. చూడ్డానికి జాగ్రత్తగా పెంచుతున్నట్టే ఉంటుంది, లోపల వేళ్ల వ్యవస్థ మాత్రం సన్నగిల్లిపోతుంది. పోసిన రోజు అడుగు రంధ్రాల్లోంచి నీళ్లు ధారగా కారేదాకా పోయండి. కింద పళ్లెం ఉంటే ఆ నీళ్లు వెంటనే పారబోయండి.

మొదటి అభ్యాసం: స్పాంజి

కుండీ పనిచేసే తీరు కళ్లారా చూస్తే తప్ప నమ్మబుద్ధి కాదు. అందుకే ముందు ఈ చిన్న పని చేయండి. గిన్నెలు తోమే పలక లాంటి స్పాంజిని నీళ్లలో ముంచి, పిండకుండా, వెడల్పు వైపు కిందకి ఉండేలా అడ్డంగా పట్టుకోండి. కారాల్సినంత కారి ఆగిపోతుంది. ఇక చుక్క రాదనుకున్నాక దాన్ని నెమ్మదిగా నిలువుగా తిప్పండి. మళ్లీ కారడం మొదలవుతుంది!

నీళ్లు అవే, స్పాంజీ అదే. మారింది ఎత్తు ఒక్కటే. సన్నని రంధ్రాలున్న ఏ పదార్థమైనా అడుగున కొంత ఎత్తు వరకు నీటిని వదలదు. కుండీ మట్టీ అంతే. ఆ తడి పొర ఎంత ఎత్తుంటుందన్నది కుండీ లోతు మీద కాదు, మట్టి రేణువుల సైజు మీద ఆధారపడుతుంది. మెత్తటి మట్టిలో పొర ఎత్తుగా నిలుస్తుంది, గరుకు మట్టిలో నామమాత్రంగా ఉంటుంది.

దీన్నుంచి పనికొచ్చే విషయాలు రెండున్నాయి. అడీనియం అందం చూపించాలని అందరం వెడల్పాటి, లోతు తక్కువ కుండీ ఎంచుకుంటాం. లోతు తక్కువైతే ఆ తడి పొరే కుండీలో పెద్ద భాగాన్ని ఆక్రమిస్తుంది. కాబట్టి కుండీ ఎంత తక్కువ లోతు ఉంటే మిశ్రమం అంత గరుకుగా ఉండాలి: ప్యూమిస్ (తేలికపాటి అగ్నిపర్వత రాయి), పెర్లైట్ (వేడికి ఉబ్బిన తెల్లటి రాతి గుళికలు), జల్లించిన ఇటుక ముక్కలు ఎక్కువ, కోకోపీట్ (కొబ్బరి పీచు పొట్టు) తక్కువ. రెండోది, అడుగున గులకరాళ్లు పరిస్తే నీళ్లు బాగా దిగుతాయన్న నమ్మకం. దిగవు. తడి పొర గులకరాళ్ల మీదికి, అంటే వేళ్లకి ఇంకా దగ్గరికి జరుగుతుంది. రంధ్రం మీద మట్టి జారకుండా ఒక జాలీ ముక్క చాలు.

ఆ తడి పొరలో గాలి ఉండదు. గాలి లేక వేరు చివరలు చనిపోతాయి. పిథియం, ఫైటోఫ్తోరా లాంటి కుళ్లు సూక్ష్మజీవుల బీజాలు నీళ్లలో ఈదుకుంటూ వచ్చి ఆ చచ్చిన చోటు నుంచే లోపలికి దూరతాయి. మొక్కని చంపేది నేరుగా నీళ్లు కాదు, నీళ్లు గాలిని తరిమేశాక జరిగే పని.

రెండో అభ్యాసం: తూకం

"ఎన్ని రోజులకోసారి పోయాలి?" అని అడగని వాళ్లుండరు. దానికి జవాబు లేదు. ఎండ, గాలి, కుండీ రకం, ఆకులెన్ని ఉన్నాయి అన్నదాన్ని బట్టి అదే మొక్క ఒక నెలలో మూడు రోజులకోసారి తాగొచ్చు, ఇంకో నెలలో అసలు అడగకపోవచ్చు. కేలండర్ చూసి పోసేవాళ్ల మొక్కలే ముందు కుళ్లుతాయి. బదులుగా వంటింటి కాటా తీయండి.

కుండీకి కారేదాకా నీళ్లు పోసి, అరగంట ఆగి తూకం వేయండి. అంకె రాసుకోండి. ఆ తర్వాత రోజూ ఒకే వేళకి తూచి రాస్తూ పోండి, నీళ్లు మాత్రం పోయకండి. మొదట్లో బరువు చకచకా తగ్గుతుంది, తర్వాత నెమ్మదిస్తుంది, ఒక రోజు దాదాపు ఆగిపోతుంది. వరసగా రెండు రోజులు అంకె కదలకపోతే మట్టి ఆరినట్టే. అదీ మీ కుండీకి, మీ ఇంటి ఎండకి "పొడి బరువు". ఆకులతో నిండుగా పెరుగుతున్న మొక్కకి ఆ బరువు దాకా వచ్చాక నీళ్లు పోయండి.

ఇలా రెండు మూడు విడతలు చేస్తే కాటా అవసరం ఉండదు, కుండీ ఎత్తగానే చేతికే తెలిసిపోతుంది. ఎత్తలేనంత పెద్ద కుండీ అయితే సన్నని వెదురు పుల్లని అడుగుదాకా దించి పది నిమిషాలు ఉంచి తీయండి. పుల్ల చివర ముదురు రంగులో తడిగా కనిపిస్తే ఇంకా ఆగాలి. పైమట్టి ఎండిపోయిందని చూసి పోయడం మాత్రం వద్దు, అది అందరినీ మోసం చేస్తుంది.

మామూలు మట్టి కుండీ గోడల్లోంచి కూడా ఆరుతుంది, ప్లాస్టిక్‌ది, మెరుపు పూత వేసినది ఆరదు. కొత్తగా నేర్చుకునేవాళ్లకి నేను మట్టి కుండీయే చెబుతాను. బరువే గానీ, చేసిన తప్పుల్ని చాలావరకు కాచుకుంటుంది.

ఈ ఆరబెట్టే నియమం మొదటి పాఠంలో మొలిచిన బుల్లి మొక్కలకి వర్తించదు. వాటికి ఇంకా దాచుకునేంత ఒళ్లు రాలేదు. మొదటి కొన్ని నెలలూ పైన ఆరగానే పోస్తూ ఉండండి, లేకపోతే ఎదుగుదల అక్కడితో ఆగిపోతుంది.

నొక్కి చూడడం

ఇప్పుడు అసలు నైపుణ్యం. బొటనవేలు, చూపుడువేలు మధ్య ఉబ్బిన మొదలుని మెల్లగా నొక్కండి. ఆరోగ్యంగా, నీళ్లు నిండుగా ఉన్నది పచ్చి బంగాళాదుంపలా గట్టిగా తగులుతుంది. మెత్తగా ఉంటే కంగారుపడి నీళ్లు పోసేయకండి, ఎందుకంటే దాహమూ మెత్తగానే ఉంటుంది, కుళ్లూ మెత్తగానే ఉంటుంది. తేడా పట్టుకోవడంలోనే ఉంది పనితనమంతా.

దాహమైతే మొదలంతా ఒకే తీరుగా వదులవుతుంది. చర్మం మీద సన్నని ముడతలు పడతాయి. నొక్కితే లోపలికి పోయి, వదలగానే కొంచెం వెనక్కి వస్తుంది. మట్టి పొడిగా, కుండీ తేలికగా ఉంటుంది. కారేదాకా పోస్తే కొన్ని రోజుల్లో మళ్లీ బిగుస్తుంది. దీనికి టెన్షన్ పడక్కర్లేదు, మొక్క తన డబ్బాలోంచి ఖర్చు పెట్టుకుంటోంది, అంతే.

కుళ్లు అలా కాదు. ఒక పక్కే, ఎక్కువగా మట్టిని తాకే చోటే మెత్తబడుతుంది. నొక్కితే గుంట అలాగే ఉండిపోతుంది. అక్కడి చర్మం నీళ్లు పట్టినట్టు నల్లబడి, కొన్నిసార్లు గోధుమరంగు నీరు ఊరుతుంది. ముక్కు దగ్గర పెడితే పులిసిన వాసన. మట్టి చూస్తే తడిగా, కుండీ బరువుగా ఉంటుంది. తడి మట్టిలో వడలిన మొక్క కనిపించిందంటే నీళ్లు కాదు, కత్తి అందుకోవాలి.

ఆకులు పసుపెక్కడం ఒక్కటే చూసి ఏ నిర్ణయానికీ రావద్దు. అడుగు ఆకులు వయసైపోయి రాలతాయి, చలి మొదలైనప్పుడు అన్నీ రాలతాయి, దాహానికీ రాలతాయి, కుళ్లుకీ రాలతాయి.

కుళ్లితే కోత

ముందు చేతులకి గ్లవ్స్. ఈ మొక్కని 1775లో అచ్చయిన, వృక్షశాస్త్రవేత్త ఫోర్స్‌కోల్ రాసిన గ్రంథం గన్నేరు ప్రజాతిలోనే లెక్కవేసింది. ఆ తర్వాత 1819లో దాన్ని వేరే ప్రజాతిగా విడదీశారు గానీ కుటుంబం మాత్రం గన్నేరుదే, విషమూ ఆ కోవదే. గుండె మీద పనిచేసే గ్లైకోసైడ్లు దీని రసంలో ఉంటాయి. ఆఫ్రికాలో బాణాల మొనలకి పూసేవాళ్లు. రసం కంటికి, నోటికి, పుండుకి తగలనివ్వకండి. కోసిన ముక్కలు పిల్లలకి, పశువులకి అందే చోట పారేయకండి.

మొక్కని కుండీలోంచి తీసి, వేళ్లకున్న మట్టి మొత్తం కడిగేయండి. గట్టిగా, లేత రంగులో ఉన్న వేళ్లు మంచివి. పట్టి లాగితే తొడుగు ఊడిపోయి లోపల దారం మిగిలేవి చచ్చినవి, వాటిని కోసేయండి. తర్వాత మెత్తబడ్డ మొదలు భాగం. పదునైన కత్తిని స్పిరిట్‌తో తుడిచి, పలచటి చెక్కల్లా కోస్తూ వెళ్లండి. ప్రతి కోతకీ మళ్లీ తుడవాలి, లేకపోతే మీరే కుళ్లుని పైకి మోస్తున్నట్టు. ఎక్కడిదాకా? లోపలి కండ తెల్లగా, పాలమీగడ రంగులో, ఒక్క గోధుమ చుక్క కూడా లేకుండా కనిపించేదాకా. జాలిపడి చుక్క వదిలేస్తే మళ్లీ ఇదే పని. సగం మొక్క పోయినా ఫర్వాలేదు, మిగిలిన సగం బతుకుతుంది.

కోసిన చోట ఫంగిసైడ్ పొడి అద్ది, ఆకులు తుంచేసి, గాలి ఆడే నీడలో తలకిందులుగా వేలాడదీయండి. గాయం ఎండి బిరుసుగా పెచ్చు కట్టడానికి వారం నుంచి రెండు వారాలు పడుతుంది. పెద్ద కోతయితే ఇంకా ఎక్కువే. అంతవరకు నీళ్లూ లేవు, మట్టీ లేదు. ఆ తర్వాత పొడి మిశ్రమంలో నాటి, ఇంకో వారం ఆగి మొదటి నీళ్లు పోయండి. కుళ్లు మొదలంతా పాకిపోయి ఉంటే కోత వల్ల లాభం లేదు. పైనున్న మంచి కొమ్మ కోసి ఆరబెట్టి నాటుకోండి. బతుకుతుంది గానీ, విత్తనపు మొక్కకి వచ్చేంత అందమైన ఉబ్బు దానికి అంత తేలిగ్గా రాదు.

చలికాలం

రాత్రి వేడి 15 డిగ్రీలకి తగ్గిందంటే మొక్క మందగిస్తుంది. 10కి దిగితే ఆకులు రాల్చి నిద్రపోతుంది. ఆకు లేని మొక్కకి ఖర్చు దాదాపు ఉండదు, పోసిన నీళ్లు పోసినట్టే కుండీలో కూర్చుంటాయి. ఆ నెలల్లో నీళ్లు ఆపేయండి. మరీ ముడతలు పడితే వెచ్చటి రోజు చూసి ఒకసారి తడపండి, అంతే. మంచు గడ్డకట్టే చోట అయితే లోపల పెట్టి తీరాలి, ఆ చలికి కండే పాడైపోతుంది. వసంతంలో కొమ్మ చివర్లు పచ్చబడి చిగురు కనిపించాక మళ్లీ మొదలుపెట్టండి, ఒక్కసారి నిండా పోసి, ఆరేదాకా ఆగి.

వేడి రోజుల్లో వాన పడితే లోపలికి పరుగెత్తించనక్కర్లేదు, మిశ్రమం గరుకుగా ఉంటే మొక్కకి అది పండగ. వరసగా రోజుల తరబడి ముసురు, దానికి తోడు చల్లగాలి అయితే మాత్రం వాన తగలని చోటికి మార్చండి.

మట్టి మీద తెల్లటి పొర పేరుకుంటే అది నీళ్లలోని ఉప్పు. ఎండ బాగా ఉన్న రోజున, పోయాల్సిన సమయానికే, మామూలు కన్నా మూడు నాలుగు రెట్లు నీళ్లు పోసి కడిగేయండి.

వచ్చే పాఠానికి

నాలుగో పాఠంలో కుండీ మార్చడం, వేళ్లు కత్తిరించి మొదలుని పైకెత్తడం చూద్దాం. అప్పటికి మీ దగ్గర ఒక కుండీ తూకం పట్టీ, కనీసం ఒక పూర్తి తడి–ఆరు విడతది, సిద్ధంగా ఉండాలి. మొదలు చుట్టుకొలతని ఒక దారంతో కొలిచి ఆ దారాన్నీ దాచిపెట్టండి. మట్టి మార్చిన తర్వాత ఎంత లావైందో ఆ దారంతోనే చూస్తాం.