సినిమాలో తేడా కనిపిస్తే జవాబు ఎక్కడ వెతకాలి

వైజాగ్ పాతూరులోని ఒక సింగిల్ స్క్రీన్ హాల్లో చాలా ఏళ్లు ప్రొజెక్టర్ ఆపరేటర్‌గా పనిచేశాను. ఇప్పుడు మా అపార్ట్‌మెంట్ పిల్లలు సాయంత్రమైతే ఫోన్లు పట్టుకుని వస్తారు. "తాతగారూ, కారు ముందుకెళ్తుంటే చక్రం వెనక్కి తిరుగుతోందేంటి?" "రాత్రి సీన్లో నీడలు అంత నల్లగా ఉన్నాయేంటి?" ఇలాంటి ప్రశ్నలంటే నాకు ప్రాణం. ఏదో తప్పు చేసుంటారులే అని వదిలేయకండి. ఓపిగ్గా వెతికితే చాలావాటికి జవాబు దొరుకుతుంది.

ముందు ప్రశ్నను సరిగ్గా రాసుకోండి. ఏ సినిమా, ఏ కాపీ, ఎన్ని గంటల ఎన్ని నిమిషాల దగ్గర, కంటికి ఏం కనిపించింది. "హీరో చొక్కా మారిపోయింది" అని రాస్తే చాలదు. ఏ షాట్లో ఏ రంగు, తర్వాతి షాట్లో ఏ రంగు అన్నది కావాలి. ముందు షాట్, వెనక షాట్ కలిపి మళ్లీ చూడండి. మధ్యలో ఒక రోజు గడిచిందని డైలాగులో చెప్పేసి ఉంటారు, మనం వినిపించుకోం. సగం ప్రశ్నలు అక్కడే తీరిపోతాయి.

తీరకపోతే జవాబు మూడు చోట్లలో ఒకచోట ఉంటుంది: మనం చూస్తున్న కాపీలో, షూటింగ్‌లో, లేదా కథలో. నేను కాపీతోనే మొదలుపెడతాను, ఎందుకంటే దాని సంగతి ఎవరూ ఆలోచించరు.

పాత సినిమాల్లో తెర కుడివైపు పైమూల ఒక గుండ్రటి చుక్క మెరిసి మాయమవుతుంది. కొన్ని సెకన్లకు ఇంకోటి వస్తుంది. అది రీలు అయిపోవస్తోందని మా ఆపరేటర్ల కోసం పెట్టిన గుర్తు. మొదటి చుక్క పడగానే రెండో ప్రొజెక్టర్ మోటారు ఆన్ చేయాలి, రెండో చుక్కకు బొమ్మను దాని మీదికి మార్చేయాలి. హాల్లో ఆడిన ప్రింటు నుంచి తీసిన కాపీల్లో ఆ చుక్కలు అలాగే ఉండిపోయాయి.

నిడివి తేడా కూడా ఇలాంటిదే. ఫిల్ము సెకనుకు 24 ఫ్రేములు, అంటే 24 బొమ్మలు, నడుస్తుంది. మన టీవీ, డీవీడీలు వాడిన పాల్ (PAL) అనే పద్ధతిలో 25 నడుస్తాయి. అంటే 150 నిమిషాల సినిమా 144 నిమిషాలకే అయిపోతుంది, ఒక్క సీను కూడా కోయకుండానే. గొంతులు కూడా కాస్త సన్నగా వినిపిస్తాయి. తేడా అంతకంటే ఎక్కువ ఉంటేనే కత్తెర పడిందేమో చూడాలి. సినిమా మొదట్లో చూపించే సెన్సార్ సర్టిఫికెట్ దగ్గర ఆపి, అందులో రాసిన నిడివి చూడండి.

ఇక షూటింగ్. చక్రం సంగతి లెక్కతో తేలుతుంది. కారు చక్రం చుట్టుకొలత దాదాపు 2 మీటర్లు, దానికి 5 పుల్లలు అనుకుందాం. కారు గంటకు 35 కిలోమీటర్ల వేగంతో వెళ్తుంటే, ఒక ఫ్రేముకీ తర్వాతి ఫ్రేముకీ మధ్య చక్రం సరిగ్గా ఐదో వంతు తిరుగుతుంది. ఒక పుల్ల ఉన్న చోటికే ఇంకో పుల్ల వచ్చి నిలుస్తుంది కాబట్టి చక్రం కదలనట్టే ఉంటుంది. వేగం 33కి తగ్గితే ప్రతి పుల్లా కొంచెం వెనకే ఆగిపోతుంది, మన కంటికి చక్రం వెనక్కి తిరుగుతున్నట్టు కనిపిస్తుంది. బీచ్ రోడ్డు పక్కన నిలబడి, వెళ్లే కార్లను ఫోన్లో వీడియో తీసి చూడండి. ఫోన్లు ఎక్కువగా 30 ఫ్రేములు తీస్తాయి కాబట్టి 43 కిలోమీటర్ల దగ్గర చక్రం ఆగినట్టు ఉంటుంది.

రాత్రి సీన్లో నీడలు పదునుగా, అన్నీ ఒకే వైపు పడి ఉంటే అది పట్టపగలు తీసి, తర్వాత చీకటి చేసినదేమో అనుమానించండి.

మన ఊళ్లో తీసిన సినిమాలను పరీక్షించడం మనకు చాలా సులువు. మనకు సముద్రం తూర్పున ఉంది. పొద్దు నీళ్లలోంచి లేచి కొండల వెనక దిగుతుంది. "వైజాగ్ బీచ్, సాయంత్రం" అని చెప్పి సూర్యుణ్ణి సముద్రంలో ముంచితే, అది గోవా లాంటి పడమటి తీరంలో తీసిందైనా కావాలి, లేదా మన దగ్గరే పొద్దున తీసి వెనక్కి తిప్పిందైనా కావాలి. షాట్ పొడవుగా ఉంటే ఏదో తేల్చవచ్చు. మన దేశంలో దిగే సూర్యుడు కొద్దిగా కుడివైపు వాలుతూ దిగుతాడు. ఎడమవైపు వాలుతూ దిగితే అది తిరగేసిన సూర్యోదయం. అలలు కూడా ఒడ్డు నుంచి లోపలికి పోతుంటాయి, చూడండి.

ఆర్కే బీచ్‌లో సముద్రానికి ఎదురుగా నిలబడితే డాల్ఫిన్ నోస్ కొండ కుడిచేతి వైపు, కైలాసగిరి ఎడమచేతి వైపు ఉంటాయి. తెర మీద తారుమారైతే బొమ్మను అద్దంలోలా తిప్పేశారన్నమాట. బోర్డుల మీది అక్షరాలు, పమిట ఏ భుజం మీద ఉంది, కారు స్టీరింగ్ ఎటుంది అన్నవి చూసి ఖాయం చేసుకోండి.

కథ జరిగే సంవత్సరం మీద అనుమానం వస్తే వెనక ఏముందో చూడండి. కుర్సురా సబ్‌మెరైన్ నౌకాదళం నుంచి 2001లో రిటైరైంది, మ్యూజియంగా జనం చూడటం మొదలైంది 2002లో. దాని ఎదురుగా టీయూ-142 విమానం 2017 డిసెంబరులో వచ్చింది. 1990ల కథలో బీచ్ రోడ్డు మీద ఈ రెంటిలో ఏది కనిపించినా తేడానే. నంబరు ప్లేటు కూడా సాక్ష్యం చెబుతుంది. ఏపీ 31 మన విశాఖ పాత సిరీస్, ఏపీ 39 రాష్ట్రమంతటికీ ఒకటే సిరీస్‌గా 2019లో మొదలైంది.

నిజంగా జరిగిన సంఘటన మీద తీసిన సినిమా అయితే తెర మీది మాటను రికార్డుతో పోల్చాలి. 1971 డిసెంబరులో మన తీరం దగ్గర మునిగిన పాకిస్తాన్ సబ్‌మెరైన్ ఘాజీని, 2017లో వచ్చిన సినిమాలో మన సబ్‌మెరైన్ ముంచుతుంది. మన నౌకాదళం మాత్రం ఆ ఘనత ఐఎన్ఎస్ రాజ్‌పుత్ అనే యుద్ధనౌకకు ఇస్తుంది. లోపలి పేలుడు వల్లో మైన్ల వల్లో మునిగిందని పాకిస్తాన్ అంటుంది. పిల్లలకు ఈ మూడూ చెప్పాలి. ఆర్కే బీచ్‌లో విక్టరీ ఎట్ సీ స్మారకం ముందు నిలబెట్టి చెబితే ఇంకా మంచిది.

ఇవన్నీ దాటినా మిగిలేవి కథలోని ప్రశ్నలు, నాకు అన్నిటికన్నా ఇష్టమైనవి. 1957 నాటి మాయాబజార్‌లో పాండవులు ఒక్కసారి కూడా కనిపించరు. ఎందుకని అడిగితే, వాళ్లు వచ్చి ఉంటే ఏ సీను నిలబడదో చూడమంటాను. భీముడో అర్జునుడో పక్కన ఉంటే సుభద్ర పుట్టింట్లో అంత అవమానం ఒంటరిగా పడదు. కొడుకును వెంటబెట్టుకుని అడవిలో వెళ్లదు. అప్పుడు ఘటోత్కచుడికి కథలో పనే ఉండదు.