క్లంబర్ పార్క్‌లో డబ్బా వేట: జియోక్యాషింగ్ ఎలా మొదలుపెట్టాలి

ఇంగ్లండ్‌లో ఉంటూ వీకెండ్ వస్తే పిల్లల్ని ఎక్కడికి తీసుకెళ్లాలో తోచనివాళ్లకి ఇది. నాటింగ్‌హామ్‌షైర్‌లో వర్క్‌సాప్ పక్కనే క్లంబర్ పార్క్ ఉంది, ఒకప్పటి న్యూకాసిల్ డ్యూకుల ఎస్టేట్, 3,800 ఎకరాలు. చిత్రమేంటంటే అసలు బంగళానే లేదు, 1938లో కూల్చేశారు. చర్చి, సరస్సు, వంతెన, రెండు మైళ్ల పొడవునా దారికి అటూ ఇటూ 1,296 లైమ్ చెట్లు మిగిలాయి. (లైమ్ అంటే నిమ్మచెట్లనుకుని ఆశగా వెళ్లాను. కాదు.)

జియోక్యాషింగ్ ఆట సింపుల్. ఎవరో ఒక డబ్బా దాచి దాని జీపీఎస్ అంకెలు జియోక్యాషింగ్ యాప్‌లో పెడతారు, మనం వెతికి పట్టుకుని, లోపలున్న కాగితం మీద పేరు రాసి, మళ్లీ ఎలా ఉందో అలాగే దాచేయాలి. 2000 మే నెలలో అమెరికా ప్రభుత్వం చోటు కచ్చితంగా తెలియకుండా జీపీఎస్ సిగ్నల్‌లో కావాలని పెట్టిన తేడాను తీసేసిన మర్నాడే ఒరెగాన్‌లో మొదటి డబ్బా దాచారు, అక్కడ మొదలైంది ఇదంతా.

యాప్‌లో ముందు డి, టి అంకెలు చూడండి. డి అంటే కనిపెట్టడం ఎంత కష్టమో, టి అంటే అక్కడికి చేరడం ఎంత కష్టమో, రెండూ 1 నుంచి 5 వరకు. పిల్లలతో అయితే రెండూ 2 లోపు ఉన్నవే ఎంచుకోండి, సైజు కూడా కాస్త పెద్దది చూసుకోండి, ఎందుకంటే నానో అంటే చిటికెన వేలి గోరంత ఉంటుంది, మొదటి రోజే అది వెతికితే ఇంకోసారి ఎవరూ రారు.

ఇక అసలు సంగతి. పెద్ద చెట్ల కింద ఫోన్‌లో బాణం పిచ్చిపట్టినట్టు తిరుగుతుంది. దాని వెంట పరిగెత్తకండి. ఇరవై ముప్పై అడుగులు వెనక్కి వెళ్లి, రెండు మూడు వైపుల నుంచి మెల్లగా నడుచుకుంటూ రండి, బాణాలన్నీ ఎక్కడ కలుస్తున్నాయో ఆ చోటు గుర్తుపెట్టుకుని ఫోన్ జేబులో పెట్టేయండి. ఇక పని కళ్లదే. పుల్లలు ఎవరో పేర్చినట్టు వరసగా ఉన్నాయా, చెట్టు మొదట్లో రాయి ఒక్కటే మరీ శుభ్రంగా ఉందా, చూడండి. నేనొకసారి పుచ్చిన దుంగ చుట్టూ నలభై నిమిషాలు తిరిగాను. మా అబ్బాయేమో పక్కనున్న కంచె గుంజ వెనక చెయ్యి పెట్టి "నాన్నా, ఇదేనా?" అన్నాడు, చేతిలో పాత ఫిల్మ్ రోల్ డబ్బా. లోపల చుట్టిన కాగితం తడిసిపోయి ఉంది, నా పెన్ను ఒక్క గీత పడలేదు. అప్పట్నుంచి పెన్సిలే తీసుకెళ్తున్నాను.

చుట్టూ జనం ఉంటే (ఆట తెలియనివాళ్లని మగుల్స్ అంటారు) షూ లేసు కట్టుకుంటున్నట్టు నటించండి, వాళ్లు పోయాకే డబ్బా బయటకు తీయండి. పిల్లలు అందులోంచి బొమ్మ తీసుకుంటే అదే విలువున్నది ఇంకొకటి పెట్టాలి, తినేవి మాత్రం పెట్టొద్దు, ఎలకలు కొరికేస్తాయి.

చర్చి గోడ సందుల్లో, వంతెన రాళ్ల మధ్య చేతులు పెట్టకండి. ఆ వంతెన 2018లో ఓ కారు గుద్ది బాగా దెబ్బతింటే మళ్లీ బాగుచేశారు, మనం ఇంకో రాయి కదపక్కర్లేదు. డబ్బా కోసం రాయి పీకాల్సి వస్తోందంటే మీరు తప్పు చోట ఉన్నట్టే.

మీరే ఒకటి దాచాలనుకుంటే ముందు పార్కును చూసుకునే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ అనుమతి తీసుకోండి, స్థలం వాళ్లది. నేల తవ్వకూడదు, పక్క డబ్బాకి కనీసం 161 మీటర్ల దూరం ఉండాలి.

గడ్డిలో తిరుగుతారు కాబట్టి ప్యాంటు సాక్సులోకి దోపుకోండి, ఇంటికొచ్చాక పిల్లల మోకాళ్ల వెనక, చెవుల వెనక పురుగులేమైనా పట్టుకున్నాయేమో చూడండి. టిక్స్ అనే ఈ పురుగులతో లైమ్ జబ్బు వస్తుంది (ఈ లైమ్ కూడా వేరే).

దొరక్కపోతే సిగ్గుపడకుండా యాప్‌లో దొరకలేదని రాయండి. వరసగా ముగ్గురు నలుగురు అలా రాస్తేనే డబ్బా ఉందో పోయిందో దాచినవాళ్లు వచ్చి చూసుకుంటారు.