చీకటి నుంచి సిలువ దాకా: బొగ్గుతో ఒక చిత్రం

యేసు సిలువ మీద ఉండగా పట్టపగలు మూడు గంటలపాటు దేశమంతటా చీకటి కమ్మిందని సువార్తలు చెబుతాయి. ఆ ఘట్టాన్ని బొగ్గుతో వేయదలచినవారు తెల్లకాగితం మీద గీతలతో మొదలుపెట్టడం కంటే, ముందు కాగితమంతా నలుపు చేసి, అందులోంచి రబ్బరుతో దేహాన్ని బయటికి తీయడమే మేలని నా అభిప్రాయం.

ఇందుకు రెండు రకాల బొగ్గు కావాలి. విల్లో కొమ్మలను గాలి సోకకుండా కాల్చి చేసే పుల్లలు మెత్తగా ఉంటాయి. వాటి పొడి గుడ్డతో దులిపితే చాలావరకు రాలిపోతుంది. (విభూతి బుధవారం నాడు నుదుట పెట్టే బూడిద కూడా వెనకటి ఏటి మట్టల ఆదివారం నాటి మట్టలను కాల్చి చేసేదే కనుక, ఈ ఘట్టానికి కాలిన కొమ్మ పరాయి వస్తువు కాదు.) బొగ్గుపొడిని బంధకంతో కలిపి అచ్చు పోసే కంప్రెస్డ్ చార్‌కోల్ చిక్కటి నలుపునిస్తుంది గాని, ఒకసారి అంటుకుంటే పూర్తిగా వదలదు కాబట్టి దాన్ని చివరిదాకా ముట్టుకోకూడదు. నున్నటి కాగితం మీద పొడి నిలవదు. కాస్త గరుకైన మందపాటి కాగితం, పిండిముద్దలా నలిగే నీడెడ్ ఎరేజర్, పాత నూలుగుడ్డ ఉంటే చాలు.

పుల్లను అడ్డంగా పడుకోబెట్టి కాగితమంతా రుద్ది, గుడ్డతో అద్ది సమంగా పరచాలి. రాలిన పొడిని నోటితో ఊదకుండా, బోర్డును వంచి తట్టాలి. తరువాత వెలుగు ఏ వైపు నుంచి పడుతుందో నిర్ణయించుకుని, ఎరేజర్‌ను వేళ్ళతో నలిపి కొనదేల్చి, ముందుగా భుజాన్ని తీయాలి. బరువంతా చేతుల మీద వేలాడుతున్నందున భుజాలు పైకి లేచి, తల వాటి మధ్యకు వాలుతుంది. అందుచేత అన్నిటికంటే తెల్లగా ఉండవలసింది ముఖం కాదు, సాగిన ఆ భుజమూ దాని కింది పక్కటెముకలూను. ముఖంలో కనుబొమల గట్టు, ముక్కుదూలం తేలితే సరిపోతుంది. నేను మొదటిసారి కళ్ళు, పెదవులు వివరంగా దిద్దితే క్యాలెండరు బొమ్మ తయారైంది. విసుగుతో అరచేత్తో తుడిచేస్తే, మిగిలిన మరకే నేను వెతుకుతున్న ముఖంలా కనిపించింది.

వదిలేయడం ఎంత పని చేస్తుందో చూడాలంటే లండన్ నేషనల్ గ్యాలరీలో లియొనార్డో డావిన్సీ బొగ్గుతోనూ సుద్దతోనూ వేసిన పెద్ద కార్టూన్ (వర్ణచిత్రానికి ముందు అదే కొలతలో వేసుకునే ముసాయిదా బొమ్మ) ఉంది. ఎనిమిది కాగితాలు అతికించి చేసిన ఆ చిత్రంలో మరియమ్మ ముఖానికీ, ఆమె తల్లి అన్నమ్మ ముఖానికీ నీడలు ఎంతో మృదువుగా దిద్ది ఉండగా, ఆకాశాన్ని చూపే అన్నమ్మ చేయి మాత్రం వట్టి రేఖగా మిగిలింది. నా చూపు ముందుగా పోయేది ఆ చేతి మీదికే.

ముళ్ళకిరీటం చివర్లో వేయాలి. ప్రతి ముల్లునూ గీయకుండా కంప్రెస్డ్ చార్‌కోల్ అంచును గట్టిగా ఒత్తి మెలితిప్పి, రెండు మూడు చోట్ల ఎరేజర్ కొనతో వెలుగు తగిలించాలి. పొడి రాలకుండా పట్టి ఉంచే ఫిక్సేటివ్ ద్రవం చల్లితే బూడిదరంగులు కొంత ముదురుతాయి గనుక, తెలుపులను అంతకుముందే సరిచూసుకుని, అడుగు దూరం నుంచి పలుచగా రెండుసార్లు కొట్టాలి. ఫ్రేములో చిత్రం అద్దానికి తగలకుండా మధ్యలో మౌంటు (అంచుల చుట్టూ వచ్చే మందపాటి అట్ట) పెట్టించాలి. అద్దం గాజుదే కావాలి. యాక్రిలిక్ షీటు స్థిరవిద్యుత్తు వల్ల బొగ్గుపొడిని తనవైపు లాక్కుంటుంది.